తాగకుండా కింద పెట్టిన కాఫీ

ఆ చోట చలికాలంలో మంట వెయ్యకూడదంటారు.

ఎందుకు వెయ్యకూడదని అడిగితే మాత్రం ఒక్కడూ సరిగ్గా చెప్పడు. అరబ్బు ఎడారిలో మిసయీద్ ఊరు దాటి దక్షిణంగా ఇసుకలోకి పోతే రెండు పెద్ద దిబ్బల నడుమ ఒక పల్లం ఉంది. అటూ ఇటూ దిబ్బలు, ముందువైపు ఉప్పు పర్ర, చదునైన చవిటినేల. నుగ్రత్ అద్దైఫ్ అంటారు దాన్ని — అంటే అతిథి పల్లం. పేరు వింటే పెళ్ళివారి విడిదిల్లు గుర్తొస్తుంది. తీరా ఆ పేరెత్తితే అక్కడి ముసలాళ్ళు నోట్లో ఖర్జూరం నమలడం కూడా ఆపేస్తారు.

"అక్కడ రాత్రిపూట మంట వేస్తే అతిథి వస్తాడు." అంతే. అంతకు మించి చెప్పరు.

వచ్చి ఏం చేస్తాడు? కొడతాడా? పీక పిసుకుతాడా? "ఏమీ చెయ్యడు... వస్తాడు." మరి వస్తే తప్పేంటయ్యా? చేతిలో జపమాల గబగబా తిరుగుతుంది, మాట వానల మీదికి మళ్ళుతుంది.

ఘానిం చిన్నప్పటినుంచీ ఈ మాట వింటూనే ఉన్నాడు. వినీ వినీ ఆ మాటకు పదును పోయింది. అదీకాక, బగ్గీలు నడిపేవాళ్ళకి దెయ్యాలంటే లెక్కుండదు చూడండి. ఇనప గొట్టాల చట్రం, నాలుగు లావుపాటి టైర్లు, వెనకాల గర్జించే ఇంజను — తలుపుల్లేవు, అద్దాల్లేవు. అలాంటిదాంట్లో కూచుని కొండంత దిబ్బ మీదినుంచి గాల్లోకి ఎగిరేవాడు ఇంక దేనికి జడుస్తాడు?

వాళ్ళ బగ్గీ క్లబ్బు ఏటా చలికాలంలో ఎడారిలో బస చేస్తుంది. ఆ ఏడు వాతావరణం మహా తిక్కగా ఉంది. కోటు వేసుకుంటే చెమట, తీసేస్తే వణుకు. వాన పడొచ్చు అంది రేడియో. పడకపోవచ్చు అని కూడా అదే నోటితో అంది. అది విని క్లబ్బులో సగం మంది పెళ్ళాలకి ఒంట్లో బాలేదన్నారు, మిగతావాళ్ళు పిల్లలకి పరీక్షలన్నారు. ఎడారి నడిబొడ్డులో కూడా పలికే ఉపగ్రహ ఫోను క్లబ్బు మొత్తానికి ఒకటే. అది పెట్టుకున్న పెద్దమనిషి కూడా మానేశాడు — ఫోనుతో సహా.

ఆఖరికి బయల్దేరింది ముగ్గురే. ఘానిం, అతని తమ్ముడు షాఫీ, మేనమామ కొడుకు మితబ్.

ఘానింది రెండు సీట్ల బగ్గీ. షాఫీది ఒంటి సీటుది, కొత్తగా కొన్నది, దాని మీద ఇంకా షోరూం వాసనే పోలేదు. మితబ్‌కి బగ్గీ లేదు, పికప్పు ఉంది. గుడారం, కట్టెలు, బియ్యం, మాంసం, కాఫీ సరంజామా అన్నీ అందులోనే. "మీరు ఎగరండి, నేను వండుతాను. కిందపడ్డవాళ్ళని ఏరుకొచ్చి తినిపిస్తాను" అనేవాడు మితబ్. అతని నోటికి హద్దూపద్దూ లేదు.

షాఫీ ఇంటికి ఆఖరివాడు. తండ్రి పోయాడు. ఇరవయ్యేళ్ళొచ్చినా తల్లికి వాడింకా చంటాడే. బయల్దేరేముందు ఆవిడ గేటు దాకా వచ్చి, ఘానిం మొహంలోకి చూస్తూ ఒక్కటే అంది.

"వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాను. మళ్ళీ నువ్వే తెచ్చి నా చేతుల్లో పెట్టాలి."

"అమ్మా, మేం యుద్ధానికి పోవట్లేదే" అని నవ్వాడు ఘానిం. ఆవిడ నవ్వలేదు.

*

ఉత్తరం గాలి కత్తిలా కోస్తోంది. గాలికి అడ్డుగా ఎక్కడ దిగుదామా అని వెతికితే, తిరిగి తిరిగి ఆ పల్లమే బాగుంది.

"బావా, ఇక్కడొద్దురా" అన్నాడు మితబ్, పికప్పు దిగకుండానే.

"ఏం? అతిథొస్తాడా?"

"వస్తాడో రాడో నాకెందుకు. ఊరంతా కాదన్నచోట మనకేం పని?"

"వస్తే రానీ బావా, మాంసం ఎక్కువే తెచ్చావుగా" అన్నాడు షాఫీ. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే గుడారం దిగింది.

పొద్దు వాలేలోపు ఒక్కసారి ఎగరాలని షాఫీకి తహతహ. దిబ్బ ఎక్కాడు. ఇసుక దిబ్బకి ఒకవైపు నెమ్మదైన వాలు, రెండోవైపు నిలువు జారుడు. ఆ అంచుని ముందు చూసుకోవాలి, తర్వాత ఎగరాలి. కుర్రరక్తం, చూసుకోలేదు. బగ్గీ గాల్లోకి లేచి, ముక్కు కిందికి పెట్టి దబ్బున పడింది. ముందు చక్రం విరిగి పక్కకి దొర్లింది. స్టీరింగు వాడి పొట్టలో గుచ్చుకుంది.

ఘానిం పరుగున పోయేసరికి షాఫీ బయటికి వచ్చేసి ఇసుక దులుపుకుంటూ నవ్వుతున్నాడు. "చక్రం పోయిందన్నా... నాకేం కాలేదు."

అప్పటికి నిజంగానే ఏం కాలేదనుకున్నారు.

మంట వేసి అన్నం కుండ ఎక్కించేసరికి షాఫీ మాటలు తగ్గాయి. అన్నం వద్దన్నాడు. కాసేపయ్యాక మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గుడారంలో పడుకున్నాడు. ఘానిం దీపం పట్టి చూశాడు — పెదాల్లో రంగు లేదు. పొట్ట మీద ఊదారంగు చార. వేలితో నొక్కితే చెక్కలా గట్టిగా ఉంది.

మితబ్ అతన్ని బయటికి లాక్కొచ్చి చెవిలో చెప్పాడు. అతని నోట హాస్యం ఎగిరిపోయింది.

"మా ఒంటెలవాణ్ణి ఒకసారి ఒంటె తన్నింది. వాడి పొట్టా ఇలాగే బిగుసుకుంది. లోపల నెత్తురు పోతోందిరా. తెల్లారేదాకా ఆగితే... ఆగకూడదు."

సరిగ్గా అప్పుడే మొదలైంది వాన.

వానంటే ఆ దేశంలో వరమంటారు. ఆ రాత్రి అది పగబట్టినట్టు పడింది. పికప్పు వెనక పరుపు వేసి షాఫీని పడుకోబెట్టి పర్రలోకి దిగారో లేదో — ఉప్పునేల బురదై, బండి నడుము దాకా కూరుకుపోయింది. ఇద్దరూ షాఫీని మోసుకుని పడుతూ లేస్తూ మళ్ళీ గుడారానికి చేరారు. తడవకుండా మిగిలిన ఫోను ఘానిం జేబులోది ఒక్కటే, దానికీ ప్రాణం లేదు. ఆ పల్లంలో సిగ్నలు అందదు.

వాన వెలిసింది. గుడారంలో మిగిలిన పొడి కట్టెలతో మళ్ళీ మంట రాజేసి, వెలిసిందని సంతోషించేలోపు పొగమంచు దిగింది. ముందు పర్ర పోయింది, తర్వాత దిబ్బలు పోయాయి... ఆఖరికి మంటా, గుడారమూ, రెండు సీట్ల బగ్గీ, చుట్టూ నాలుగడుగుల జాగా — లోకం అంతే మిగిలింది.

ఆ మంచులో దిబ్బలెక్కితే అంచు కనపడదు. ఎక్కకపోతే తమ్ముడు దక్కడు. ఘానిం బగ్గీ చుట్టూ తిరిగాడు. తల్లి మొహం కళ్ళముందు కదిలింది. ఏం చెప్పాలి ఆవిడకి? ఏ మొహంతో చెప్పాలి?

అప్పుడు — మంచులోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"సలామ్ అలైకుం..."

*

ముసలాయన. గొర్రెతోలు కోటు, నెత్తిన గుడ్డ, చేతిలో ఏమీ లేదు. పర్ర వైపునుంచే వచ్చాడు.

"వ అలైకుం సలామ్" అన్నాడు ఘానిం. సలాము వినబడ్డాక పలకకుండా ఎలా ఉంటాడు?

మితబ్ చూపు ముసలాయన కాళ్ళ మీదికి పోయింది. మన దెయ్యాలకి పాదాలు వెనక్కి ఉన్నట్టే, ఆ దేశం వాటికి గాడిద గిట్టలుంటాయంటారు. చూశాడు. తోలు చెప్పులు, మామూలు మనిషి పాదాలు, పగిలిన మడమలు. హమ్మయ్య అనుకున్నాడు. ఆ చెప్పులకి బురద లేదన్న సంగతి అతనికి అప్పుడు తట్టలేదు.

ముసలాయన మంట దగ్గర కూచున్నాడు. ఘానిం చేతులు వాటంతటవే కదిలాయి. తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నా సరే, గుమ్మంలోకొచ్చిన మనిషికి కాఫీ పొయ్యకుండా ఆ చేతులు ఆగవు, పుట్టినప్పటినుంచీ అదే అలవాటు. ఎడంచేత్తో కూజా, కుడిచేత్తో పిడిలేని చిట్టి కప్పు. పోసి అందించాడు.

ముసలాయన అందుకున్నాడు. తాగలేదు.

కప్పుని తన ముందు ఇసుకలో కింద పెట్టాడు.

కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే అర్థం అక్కడ పసివాడికి కూడా తెలుసు — నేనొక పని మీద వచ్చాను, అది చేస్తానంటేనే తాగుతాను. అప్పుడు ఇంటివాడు పనేమిటని ముందు అడగకూడదు. అడిగితే పరువు పోతుంది. తాతల నాటినుంచీ ఒకటే మాట అనాలి. ఆ మాట ఘానిం నోట్లోంచి, తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది.

"తాగండి బాబాయ్. మీరొచ్చిన పని అయిపోయిందనుకోండి."

"ఒరేయ్!" మితబ్ పళ్ళ మధ్యనుంచి బుసకొట్టాడు.

ఇంకేముంది? వరం అడక్కముందే ఇచ్చి దశరథుడంతటివాడే మంచమెక్కాడు. బగ్గీలు తోలుకునే ఘానిం ఎంత?

ముసలాయన కప్పెత్తి గుటకేశాడు. చాలన్నట్టు కప్పుని కాస్త ఊపి తిరిగి ఇచ్చాడు. అప్పుడడిగాడు — మెల్లగా, బతిమాలుతున్నట్టు.

"నన్ను ఇంటికి చేర్చు నాయనా. ఈ రాత్రే."

"మీ ఇల్లెక్కడ?"

"ఎవరిదైతేనేం... మనుషులుండాలి. వంట చేసే ఆడమనిషి ఉండాలి. ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకుంటూ ఉండాలి. ఇక్కడ చాలా రోజులుగా ఒక్కణ్ణే ఉన్నాను."

వినడానికి ఎంత మామూలు కోరిక! ఘానింకి జాలేసింది కూడా. ఎవరో దిక్కులేని ముసలాయన, మతి తప్పి తిరుగుతున్నాడనుకున్నాడు. కానీ—

"బాబాయ్, మా తమ్ముడు లోపల చావుబతుకుల్లో ఉన్నాడు. కదిలేది ఈ బగ్గీ ఒక్కటే. నా పక్కన ఒక్కటే సీటు. ముందు వాణ్ణి ఆసుపత్రిలో వేసి, మీకోసం మళ్ళీ వస్తాను. నా మాట మాటే."

ముసలాయన గుడారం వైపు చూశాడు. "వస్తావా?"

"ఒట్టు."

"సరే... వెళ్ళిరా."

*

షాఫీని పక్క సీట్లో కూచోబెట్టి బెల్టు బిగించాడు. దీపాలు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ. గాలి కుడి చెంపకి తగులుతోంది. అలా తగులుతూ ఉంటే ఉత్తరం ఎటో తెలుస్తుంది కదా అనుకుని, దిబ్బ వాలు పట్టుకుని నడిచే మనిషంత నెమ్మదిగా పోనిచ్చాడు. ఎక్కాడు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. ఒక్కోచోట దిగి, ముందుకి నాలుగడుగులు వేసి, కాలితో అంచు తడుముకుని వచ్చి మళ్ళీ ఎక్కాడు.

చాలాసేపయ్యాక దూరాన కిందుగా ఎర్రటి వెలుగు కనపడింది.

"షాఫీ! ఎవరో బస చేశార్రా! మనుషులు!" హారన్ మోగించాడు. కళ్ళనీళ్ళొచ్చాయి. గబగబా దిగాడు.

మంట. గుడారం. మంటకి ఒకపక్క మితబ్, రెండోపక్క ముసలాయన.

మితబ్ లేచి నిలబడ్డాడు. "ఏంట్రా, ఇప్పుడే కదరా పోయావు? కట్టె కూడా కాలలేదు!"

ఘానిం గేరు వేశాడు. బగ్గీ తిప్పాడు. ఈసారి రెండో దిబ్బ వైపు, గాలిని ఎడమ చెంపకి పెట్టుకుని. దిబ్బ ఎంతకీ తరగదు. ఎక్కుతున్నాడో దిగుతున్నాడో తెలీదు. పక్కనుంచి షాఫీ మూలుగు సన్నగిల్లుతోంది.

మళ్ళీ ఎర్రటి వెలుగు.

"అన్నా..." అన్నాడు షాఫీ. "మనం ఇటు... ఇందాకే వచ్చాం కదా."

ఘానిం బ్రేకు తొక్కి తల స్టీరింగుకి ఆనించాడు. ఎటు పోయినా ఆ పల్లం వాళ్ళని కిందికి జార్చుకుంటోంది. ఏ వైపూ లేదు. దారీ లేదు. మంట దగ్గర కూచున్న ముసలాయన లేచి రాలేదు, కోపగించుకోలేదు. కూచున్నచోటినుంచే అన్నాడు —

"సీటు ఒకటే అన్నావు నాయనా. నాకు ఒడి ఉంది."

మంటలో కట్టె చిటపటలాడింది.

మితబ్ వచ్చి ఘానిం చెయ్యి పట్టుకున్నాడు. "వద్దురా బావా. వాడు మనిషి కాడు. చెప్పులకి బురద లేదు, ఇప్పుడు చూశాను. వాడి ఒళ్ళో మన బిడ్డనా? వద్దు..."

"మరి నువ్వు చెప్పు! ఏం చెయ్యను?" అని అరిచాడు ఘానిం. "ఇక్కడే ఉంచి చూస్తూ ఊరుకోనా?"

మితబ్ పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

ముసలాయన పక్క సీట్లో కూచున్నాడు. ఘానిం తమ్ముణ్ణి ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ ఒళ్ళో పెట్టాడు. బెల్టు ఇద్దరికీ కలిపి బిగించాడు. షాఫీ తల ముసలాయన భుజం మీద వాలింది.

"అబ్బ... ఎంత వెచ్చగా ఉందో" అన్నాడు షాఫీ.

"బావా, నువ్వు మంట ఆరకుండా చూడు. వచ్చేస్తాను" అన్నాడు ఘానిం. మితబ్ తలూపాడు. ఆ తల ఊపడం చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది.

*

"కొంచెం కుడికి... ఆఁ, తిన్నగా పో."

తిన్నగా అంటే పర్ర. పికప్పుని మింగిన పర్ర. ఘానిం పళ్ళు బిగించి పోనిచ్చాడు. చక్రాలు కూరుకోలేదు. సిమెంటు రోడ్డు మీద పోయినట్టు పోయింది బండి.

అతను పక్కకి చూడలేదు. చూస్తే ఏం కనపడుతుందోనని మెడ బిగపట్టి ముందుకే చూశాడు. చెవులు మాత్రం మూసుకోలేడు కదా. పక్కన ముసలాయన షాఫీతో గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"నీ పేరేంటి నాయనా?... మీ అమ్మ నిన్నేమని పిలుస్తుంది?... అలాగా. ఏం వండితే నీకిష్టం?... నువ్వు పడుకునే గది ఎటువైపు?... చిన్నప్పుడు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, మచ్చలేమైనా ఉన్నాయా?"

షాఫీ అన్నిటికీ జవాబు చెబుతున్నాడు, తాత దగ్గర గారాలు పోతున్నట్టు. పాపం, వాడు నిద్రలోకి జారకుండా మాట్లాడిస్తున్నాడనుకున్నాడు ఘానిం. దెబ్బ తగిలినవాణ్ణి పడుకోనివ్వకూడదంటారుగా. ఇంత మంచి మనిషిని అనవసరంగా అనుమానించామే అని సిగ్గుపడ్డాడు కూడా.

కాసేపటికి మంచులో పసుప్పచ్చ చుక్కలు కనిపించాయి. రోడ్డు దీపాలు!

"ఇక్కడ ఆపు" అన్నాడు ముసలాయన.

"ఇక్కడా? ఇక్కడేముంది బాబాయ్?"

"చాలు నాయనా. ఇక దారి తెలిసింది."

మేకల కాపర్ల రేకుల కొట్టమేదో దగ్గర్లో ఉండుంటుందనుకున్నాడు ఘానిం. ఆపాడు. బెల్టు క్లిక్కుమంది. బండి కాస్త తేలికై పైకి లేచింది. ఎవరో దిగారు... బురదలో తప్‌మన్న చప్పుడు.

"ఫీ అమానిల్లా" అన్నాడు ఘానిం. అల్లా కాపాడుగాక అని. ఎవరూ పలకలేదు.

అప్పుడు ధైర్యం చేసి పక్కకి చూశాడు. సీట్లో షాఫీ. నిటారుగా కూచుని, బెల్టు తనే పెట్టుకుంటున్నాడు. కళ్ళు ఆ దీపాల మీదే ఉన్నాయి.

"ఎలా ఉందిరా?"

"పోనీ అన్నా."

అదే క్షణంలో — వెనక మంచులోంచి, నేల మీదినుంచి వచ్చినట్టు —

"అన్నా...!"

షాఫీ గొంతే! కానీ షాఫీ పక్కనే ఉన్నాడు. రాత్రి ఎడారిలో వెనకనుంచి అయినవాళ్ళ గొంతుతో పిలుపొస్తే పలకొద్దు, తిరగొద్దు, ఆగొద్దు — తాత చెప్పిన మాట, తండ్రి చెప్పిన మాట. మన ఊళ్ళలోనూ చెబుతారు కదా.

"అన్నా...! ఆగన్నా...!"

"పోనీ అన్నా" అన్నాడు పక్కనున్న షాఫీ, మెల్లగా. "దెయ్యం అది."

బిస్మిల్లా అని ఘానిం కాలు అదిమేశాడు. పిలుపు వెనకబడి, పల్చబడి, ఆగిపోయింది.

*

ఆసుపత్రిలో షాఫీని చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోయారు. ఘానిం నడవలో గోడకి చేరబడి, బురద బట్టలతో, పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఫోను చేస్తే తల్లి వచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు, అతని భుజం తట్టి షాఫీ దగ్గరికి లోపలికి పోయింది.

తెల్లవారాక డాక్టరు బయటికొచ్చాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు — "పొట్టకి దెబ్బ అన్నారు... అన్ని పరీక్షలూ చేశాం. లోపల రక్తం లేదు. పైన కమిలిన మచ్చ కూడా లేదు. నిక్షేపంగా ఉన్నాడు. మధ్యాహ్నానికి ఇంటికి తీసుకెళ్ళొచ్చు."

ఘానిం డాక్టరు చేతుల్ని ముద్దుపెట్టుకున్నంత పని చేశాడు. పొట్ట మీద ఊదా చార తన కళ్ళతో చూశాడే... అయితేనేం? దేవుడు తీసేశాడు. అద్భుతాన్ని పట్టుకుని లెక్కలడిగేవాడు మూర్ఖుడు.

లోపల షాఫీ తల్లి చెయ్యి పట్టుకుని కూచున్నాడు. "చిన్నప్పట్లా వదలట్లేదురా" అంది ఆవిడ, మొహం వెలిగిపోతూ. తమ్ముణ్ణి తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఘానింకి గుండెల మీద బండ దిగిపోయింది. కాఫీ తాగి, బట్టలు మార్చుకుని, స్నేహితుడి పెద్ద జీపు అడిగి తీసుకుని మితబ్ కోసం బయల్దేరాడు. తొందరపడలేదు. తొందరెందుకు?

ఎండ వచ్చింది. మంచు లేదు. కడిగిన పళ్ళెంలా ఉంది ఎడారి. ఆఖరి దిబ్బ మీద, పల్లంలోకి దిగేముందు ఫోను మోగింది. తల్లి.

"పంపించేశారురా, ఇంటికొచ్చేశాం. వాడికిష్టమని మాంసం వేసి మజ్బూస్ అన్నం వండుతున్నాను. గదిలో పడుకోరా అంటే పోడు, వంటింట్లో నా పక్కనే పీట వేసుకు కూచున్నాడు. ఎటు కదిలితే అటే చూస్తున్నాడు. నువ్వు త్వరగా రా."

నవ్వుకుంటూ కిందికి దిగాడు.

మితబ్ గుడారం ముందు నిలబడి ఉన్నాడు. ఒంటి నిండా మెడదాకా ఎండిన ఉప్పుబురద. ఘానింని చూసి పరుగెత్తుకొచ్చాడు — వచ్చి, చొక్కా పట్టుకుని దబదబా ఊపేశాడు. కళ్ళలో నీళ్ళు, కానీ గొంతు పెంచలేదు.

"ఎక్కడ చచ్చావురా! రాత్రంతా, పొద్దుటంతా! నువ్వు మనిషివేనా?"

"బావా, ఉండు... షాఫీ బాగానే—"

"మెల్లగా మాట్లాడు! ఇప్పుడే కాస్త కన్నంటుకుంది వాడికి." మితబ్ గుడారం వైపు చూశాడు. "నువ్వు పోయిన కాసేపటికే పర్రలోంచి కేకలు. మన పికప్పు దిగబడిన చోటే. పాక్కుంటూ వస్తున్నాడురా బిడ్డ... మోసుకొచ్చాను. ఆ ముసలాడు ఒళ్ళోంచి వాణ్ణి కిందికి తోసేస్తుంటే నువ్వు తల తిప్పి కూడా చూడలేదట. వెనకనుంచి ఎంత పిలిచినా ఆగలేదట. ఎందుకురా? అంత పాపం వాడేం చేశాడు?"

ఘానిం ఇసుకలో కూలబడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు. సిగ్నలు లేదు.

పాకాడు. గుడారం తెర ఎత్తాడు.

దుప్పటి కింద షాఫీ. బురద కొట్టుకున్న జుట్టు, కాగితంలా తెల్లబడ్డ మొహం. ఊపిరి అందీ అందకుండా ఉంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. వెలుతురు పడేసరికి కళ్ళు తెరిచాడు. అన్నని చూసి, కోపం లేకుండా, పెదాలు కదిపాడు.

"వచ్చావా అన్నా..."

ఘానిం ఆ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

"అన్నా... అమ్మకి చెప్పలేదు కదా?"